మా యింటి మూడుగదుల బండి



గడచిన మాసమున ఈ పుటలో ఆవకాయ జాడీలను గురించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున కారును గురించి ముచ్చటింతము. వంటయింటినుండి ఒక్క గంతున నడివీధికి దూకితిమని నవ్వుకొనకుడు. జాడీకిని కారునకును గల సంబంధము ముందు తెలియగలదు.

మావంటి సంసారములలో కారు కొనుట పురుషుల పనియనియు, అందు కూర్చుండుట స్త్రీల పనియనియు ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. అన్నియు నిశ్చయమైన పిమ్మట రంగును మాత్రము మనల నడుగుదురు. కాని కారు వచ్చిన మరునాటినుండి పెట్రోలు, బీమా, సర్వీసు, వాయిదా, ఇవన్నియు పాలవాని లెక్క ప్రక్కను, పిల్లల ఫీజుల ప్రక్కను మన పుస్తకములోనికే వచ్చి కూర్చుండును. ఖర్చు మన పుస్తకమున వ్రాయవలసియున్నప్పుడు, కొనుటకు ముందు మన మాటయేల ఉండరాదు? ఈ మాసము మేము చెప్పదలచినది ఇంతియే. తక్కినది మా యింట జరిగిన కథ.

మహాభారతమున అరణ్యపర్వమందు, భర్తలు నీకెట్లు అనుకూలురైరని సత్యభామ ద్రౌపది నడుగును. ఆ యిల్లాలు మందులును మంత్రములును చెప్పలేదు. తాను చేయు సేవలను చెప్పుచు, పాండవుల ఆదాయవ్యయములు తానొక్కతెయే యెరుగుదునని కూడ చెప్పినది. చిన్ననాడు మా తండ్రిగారు మాకు ఆ ఘట్టమును చదివించుచు పాతివ్రత్యమును గురించియే వివరించిరి. సంసారమున పదునెనిమిదేండ్లు గడచిన పిమ్మట మాకు ఆ లెక్కల మాటయే పెద్దదిగా కనబడుచున్నది.

మేము తెనాలిలో నుండువారము. మావారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. అమ్మాయి ఇంటర్మీడియెటు, అబ్బాయి ఎనిమిదవ తరగతి. అత్తగారికి రెండు మోకాళ్ళకును గుంటూరులో శస్త్రచికిత్స జరిగినది. మాటిమాటికి వైద్యునికడకు పోవలసివచ్చెడిది. ఆటోలో ప్రతి గుంతకును ఆమె పెదవి కరచుకొనుట చూడలేక అద్దెకారు పిలుచుకొనుచుంటిమి. మా పుస్తకములో అద్దెకారు పద్దు నెలకు సుమారు 6,000 రూపాయలు తేలినది. ఇక సొంత బండి కొనవలసినదేయని మాట పుట్టినది.

మావారి స్నేహితులు ఎత్తైన బండ్లను కొనుమనిరి. మేము మాత్రము ముందుగా అత్తగారిని కూర్చుండబెట్టి చూడవలెనని పట్టుబట్టితిమి. ఎత్తైన బండికి ఆమె కాలు ఎత్తలేకపోయిరి. చిన్నబండి వెనుకసీటులో మోకాళ్ళు ముందుసీటునకు తగిలినవి. సెడానులో ముందు సీటుపై కూర్చుండి, పిదప కాళ్ళు రెండును లోనికి త్రిప్పుకొని, "ఇందులో కాలు చాపుకోవచ్చు అమ్మాయ్" అనిరి. దిగునపుడు మాత్రము చేయూత కావలసివచ్చినది, ఏలయన ఈ బండిలో సీటు కొంచెము క్రిందుగా నుండును. ఒక్కొక్కరి మోకాళ్ళ తీరు ఒక్కొక్కటి. పెద్దలున్న యింటివారు వారిని కూర్చుండబెట్టి, దింపి చూడక బయానా ఇయ్యవలదు.

సెడాను అనగా ముందు యంత్రమునకొక గది, నడుమ మనుషులకొక గది, వెనుక సామానునకొక గది. అందుచేతనే మా యింట దానికి మూడుగదుల బండి యని పేరు వచ్చినది. చిన్నబండ్లలో మనుషుల గదియు సామాను గదియు ఒక్కటియే. వెనుకసీటు చాటున సంచులుండును. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని పొడవును చిన్న యంత్రమును గల కార్లకు సుంకము తగ్గించిరి. దానితో కొన్ని సెడాన్ల తోకలను కత్తిరించి నాలుగు మీటర్లలో ఇమిడ్చిరి. తోక కత్తిరింపబడక, నాలుగున్నర మీటర్ల వరకు సాగినవి నడితరగతి సెడాన్లు. మన దేశమున 1998లో వచ్చిన హోండా సిటీ, 2006లో వచ్చిన హ్యుందయ్ వెర్నా, 2014లో వచ్చిన మారుతీ సియాజ్, 2022లో వచ్చిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ అను బండ్లు ఈ తరగతివి. ఇటీవల జనులకు ఎత్తైన బండ్లపై మోజు హెచ్చుటచే వీనిని అడుగువారు తగ్గిరి. మోజు తగ్గిన వస్తువు పాతబజారులో నెమ్మదైన ధరకు దొరకును. ఇది మావంటి వారికి కలిసివచ్చిన సంగతి.

అయితే మొదట మేము తలపెట్టినది పాతబండి కాదు. 2024 జూలైలో ఒక ఆదివారమునాడు మావారు షోరూమునకు పోయి రంగురంగుల కాగితములతో తిరిగివచ్చిరి. బండి ధర, జీవితకాలపు పన్ను, బీమా, రిజిస్ట్రేషను అన్నియు కలిపి వీధిలోనికి వచ్చుసరికి 13 లక్షలు. అందు 8 లక్షలు బ్యాంకు అప్పు. తక్కిన 5 లక్షలు అమ్మాయి చదువునకై వేసియుంచిన డిపాజిట్టునుండి తీయవలెనని వారి ఆలోచన.

"ఏమండీ, ఆ డిపాజిట్టు ఎవరిది?" అంటిమి.

"అమ్మాయిదే. కాదన్నదెవరు? మళ్ళీ వేద్దాంలే."

"ఎప్పుడు వేస్తాం? వాయిదా కట్టి, పెట్రోలు పోయించాక నెలకు మిగిలేదెంతో మీరే లెక్క కట్టండి."

వారు లెక్కల పంతులుగారు గదా! కాగితము తీసికొని కూర్చుండిరి. నూటికి 9 వడ్డీ చొప్పున 8 లక్షల అప్పును 5 ఏండ్లలో తీర్చినచో నెలకు 16,607 రూపాయలు. మొత్తము వడ్డీ రమారమి 1,96,000. 7 ఏండ్లలో తీర్చినచో నెలకు 12,871 రూపాయలే, కాని వడ్డీ 2,81,000 దాటును. షోరూమువారు ఈ రెండవ వాయిదానే పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చిరి. వాయిదా చిన్నదైనకొలది బండి ధర పెరుగుచున్నదను సంగతి ఆ కాగితముపై ఎచ్చటను లేదు.

అమ్మాయి గుమ్మము దగ్గర నిలుచుండి ఇదంతయు వినినది. "నాన్నా, నేను గుంటూరు కాలేజీలోనే చదువుతాను, హాస్టలు ఖర్చుండదు, బండి కొనండి" అన్నది. ఆ పిల్లకు విశాఖపట్టణము పోయి చదువవలెనని కోరిక గలదని మాకందరకు తెలియును. మావారు కాగితము మడచి జేబులో పెట్టుకొనిరి. ఆ రాత్రి భోజనము దగ్గర ఎవరును కారు మాట ఎత్తలేదు. మరునాటి ఉదయము వారే, "డిపాజిట్టు జోలికి పోవద్దు. దానిని ముట్టకుండా ఏం చేయగలమో నువ్వే చెప్పు" అనిరి.

మేము చెప్పిన ఉపాయము మీకును పనికివచ్చునని తలంచి వ్రాయుచున్నాము. కారు కొనకముందే కారు ఖర్చును మోసి చూడవలెను. నెలకు 18,000 రూపాయలు మించరాదని హద్దు పెట్టుకొంటిమి. అందు అద్దెకారు పద్దు 6,000 పోగా, మిగిలిన 12,000 ప్రతినెల ఒకటవ తేదీన వేరు ఖాతాలో వేసితిమి. ఆరు నెలలు అట్లు వేసి చూడగా రెండు నెలలు కష్టమైనది, ఒకనెల పండుగ బట్టలు మానుకొంటిమి, కాని అప్పు చేయలేదు. ఈ బరువు మోయగలమని తెలిసినది. 72,000 రూపాయలును చేతికి వచ్చినవి. ఒకవేళ మోయలేకపోయినను నష్టము లేదు గదా! బండి రాదు, సొమ్ము మిగులును.

పాతబండి వెదకుట మొదలిడునాటికి 2025 సంక్రాంతి దాటినది. అంతకుముందు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది యిండ్లు మునిగిన సంగతి మీరెరుగుదురు. ఆ నీట మునిగిన బండ్లెన్నియో కడిగి, తుడిచి, అత్తరు చల్లి బజారునకు తెచ్చిరి. ఒక దళారి మాకు తళతళలాడు తెల్లని సెడానును చూపెను. ధరయు చౌక. మావారికి నచ్చినది. మేము వెనుకసీటులో కూర్చుండి బెల్టును చివరివరకు బయటకు లాగితిమి. పైభాగము శుభ్రముగా నున్నది. చివరి మూరెడు మాత్రము ఎండిన బురదతో గట్టిపడియున్నది! డిక్కీలో స్టెప్నీ చక్రము క్రింద సన్నని ఒండ్రు కనబడినది. దళారి, "అమ్మగారూ, వానలో నిలిచిన బండి అంతే" అనెను. మేము నమస్కరించి దిగివచ్చితిమి.

నలోపాఖ్యానమున బాహుకుడు కృశించిన గుఱ్ఱములను ఎన్నుకొనగా ఋతుపర్ణుడు సందేహించెను. కాని బాహుకుడు చూచినది ఒంటి నిగనిగ కాదు, గుఱ్ఱముల సులక్షణములు. మనమును నిగనిగలను విడిచి లక్షణములు చూడవలెను. మేము చూచిన లక్షణములివి. బెల్టులన్నిటిని పూర్తిగా లాగి చూడుడు. కాలిపట్టాల నెత్తి తేమ వాసన చూడుడు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 1820 అని యున్నచో అది 2020వ సంవత్సరము 18వ వారమున తయారైనదని అర్థము. నాలుగు టైర్లకును తేదీలు వేర్వేరుగా నున్నచో కారణమడుగుడు. యంత్రము చల్లగా నున్నప్పుడే మొదటిసారి త్రిప్పించుడు. మీరు వచ్చుసరికే వేడిగా నున్నచో మరియొకనాడు రండు. సర్వీసు చిట్టాలోని కిలోమీటర్లను మీటరు అంకెతో సరిచూడుడు. మన కెరుకైన మెకానిక్కునకు కూలి యిచ్చి చూపించుట మరువకుడు. ఆ కూలి వృథాపోదు.

నాలుగవ బండి మాకు కుదిరినది. అది 2020లో రిజిస్టరైన సియాజ్, పెట్రోలు బండి, ఒక విశ్రాంత ఉద్యోగిది. ధర 6,20,000 రూపాయలు. చేతి సొమ్ము 3,20,000; తక్కిన 3 లక్షలకు నూటికి 11 వడ్డీతో 3 ఏండ్ల అప్పు, నెలకు 9,822 రూపాయలు. అమ్మాయి డిపాజిట్టు ఎట్లున్నది అట్లేయున్నది.

కాగితముల విషయమున తొందరపడరాదు. అమ్మువారు బ్యాంకు అప్పుతో కొనియున్నచో అది తీరినట్లు బ్యాంకు పత్రమును, 35వ నెంబరు ఫారమును ఉండవలెను. పేరు మార్పునకు 29, 30 నెంబరు ఫారములు కావలెను. పాత చలానాలున్నవేమో చూచుకొనవలెను. బీమాను కూడ 14 దినములలో మన పేరునకు మార్చుకొనుటకు వ్రాసికొనవలెను. ఇంకొక సంగతి: క్లెయిము చేయనందుకు బీమాలో వచ్చు తగ్గింపు మనిషికి చెందినది, బండికి చెందినది కాదు. అమ్మినవారి తగ్గింపు మనకు రాదు. మావారు రిజిస్ట్రేషను కాగితములలో మా పేరు వ్రాయించిరి. మేమడుగలేదు. "లెక్క నీది, బండి నీ పేర ఉండటమే న్యాయం" అనిరి.

న్యాయము మాటలో నుండెనే కాని, మొదటి రెండు నెలలు బండి మాత్రము గుడ్డ కప్పుకొని గేటులోపల నిలిచియుండెను! ఆదివారములు వారు తుడుచుచుండిరి. పిల్లవాడు జంతిక తినినచో కోపము. అత్తగారు శనివారము గుడికి యథాప్రకారము ఆటోలో పోవుచుండిరి. ఒకనాడు ఆటో దిగుచు ఆమె తూలి, గేటు పట్టుకొని నిలద్రొక్కుకొనిరి. ఆ గేటు వెనుకనే గుడ్డ కప్పిన కారు! "నాయనా, ఇది నాకోసమని కొన్నామన్నారు, దీనికి నేను కాపలా ఉంటున్నాను" అని నవ్విరి. మావారు నవ్వలేదు. మరునాడు ఆ గుడ్డను మడచి అటకపై వేసిరి.

వారు బడికి పోయిన వేళ బండి నడుపువారెవరు? ఆ ప్రశ్నకు సమాధానముగా మేము ముప్పదియారవ యేట డ్రైవింగు నేర్చుకొంటిమి. లెర్నర్సు లైసెన్సు వచ్చిన 30 దినములు దాటిన పిమ్మటనే అసలు పరీక్షకు పోవలెను. మొదటి వారము క్లచ్చి వదలుటలో బండి ఎన్నిమార్లాగినదో లెక్క లేదు. వీధిలో పిల్లలు చేరి చూచెడివారు. ఇప్పుడు గుంటూరు ప్రయాణము మా చేతిమీదనే సాగుచున్నది. అత్తగారు ముందుసీటులో కూర్చుండి, మేము ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర తగ్గించినపుడెల్ల "భేష్" అందురు. నిండుగా మనుషులున్నప్పుడు ఈ బండి పొట్ట స్పీడు బ్రేకరునకు రాచుకొనును గనుక నిజముగానే నెమ్మదిగా పోవలెను.

ఏడాది నిండినది, పుస్తకము చూచితిమి. 9,000 కిలోమీటర్లు తిరిగితిమి. లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చినవి. 600 లీటర్ల పెట్రోలునకు, లీటరు 110 చొప్పున, 66,000 రూపాయలు. బీమా 18,000. సర్వీసు 12,000. ముందు ముందు టైర్లు మార్చుటకై దాచినది 6,000. మొత్తము 1,02,000, అనగా నెలకు 8,500. వాయిదాతో కలిపి 18,322. హద్దు 322 రూపాయలు దాటినది! అద్దెకారే చౌక యని మేము ఒప్పుకొనుచున్నాము. నెలకు రెండుమూడుసార్లకు మించి ప్రయాణములు లేని సోదరీమణులు అద్దెకారుతోనే సుఖముగా నుండుడు. అప్పు తీరిన పిమ్మట మాత్రము మా లెక్క మారును.

ఇంకొక లోటును దాచరాదు. మా బండిలో ప్రాణరక్షకమగు గాలిసంచులు రెండే. 2023లో వచ్చిన క్రొత్త వెర్నాలో ప్రతి రకమునకును ఆరు గలవు. స్లావియా, వర్టస్, వెర్నాలు ఆ యేడే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రములు పొందినవి. సొమ్ముగలవారు ఆ భద్రతకై ఖర్చు పెట్టుట తప్పు కాదు. మేము పెట్టలేకపోతిమి గనుక ఒక నియమము పెట్టుకొంటిమి: వెనుక కూర్చున్నవారును బెల్టు పెట్టుకొననిదే బండి కదలదు. అది చట్టము కూడ. అత్తగారు చీర నలుగునని మొదట విసుగుకొనిరి. ఇప్పుడు ఆమెయే పిల్లలను హెచ్చరించుచున్నారు.

22 సెప్టెంబరు 2025 నుండి కార్లపై జి.ఎస్.టి. మారినది. చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో 29 శాతముండినది 18కిని, మా తరగతి సెడాన్లపై 45 శాతముండినది 40కిని దిగినవి. "ఇంకో ఏడు నెలలు ఆగి ఉంటే!" అని మావారు నిట్టూర్చిరి. ఆ యేడే సియాజ్ తయారీయు ఆగిపోయినది. మేము మరల అమ్మబోవునాటికి ధర తగ్గవచ్చును. కాని ఆ ఏడు నెలలలో అత్తగారు ఎన్నిసార్లు గుంటూరు పోయివచ్చిరో పుస్తకములో నున్నది. అది చూపగా వారు నిట్టూర్పు మానిరి.

బండిని కాపాడుకొనుట బిందెను తోముకొనుటవంటిది. ఏ దినము పని ఆ దినము చేసినచో భారము కాదు. టైర్ల గాలిని చల్లగా నున్నప్పుడు చూపించుడు. కిలోమీటర్లు తిరుగకపోయినను ఏడాదికొకసారి ఇంజను నూనె మార్పించుడు. వారమున కొకసారియైనను నడపనిచో బ్యాటరీ నీరసించును. లోపల తినుబండారపు తునుకలు విడువకుడు. ఎలుకలు చేరి తీగలు కొరకును. వాననీటిలో యంత్రము ఆగిపోయినచో మరల త్రిప్పకుడు. నీరు లోనికి పోయి యంత్రమే పాడగును. దిగి త్రోయించుడు.

ఇక జాడీల సంగతి. ఈ వేసవిని మా పుట్టింటినుండి రెండు ఆవకాయ జాడీలు, ఒక మాగాయ జాడీ, అరబస్తా బియ్యము, అత్తగారి చేతిబండి అన్నియు ఆ 510 లీటర్ల డిక్కీలో పట్టినవి. సామాను గది వేరు గనుక ఊరగాయ ఘాటు మనుషుల గదిలోనికి రాలేదు. అమ్మాయి వెనుకసీటులో పుస్తకము చదువుకొనుచు వచ్చినది. వచ్చే యేడు ఇదే డిక్కీలో దాని పెట్టె, పరుపుచుట్ట పెట్టుకొని విశాఖపట్టణము పోవలసియున్నది. బండి నడుపునది మేమే. డిపాజిట్టు పత్రము మా చేతిసంచిలో నుండును.

మీ యింట కారు మాట వచ్చినపుడు రంగు చెప్పుటకు ముందు లెక్కపుస్తకమును తెచ్చి అందరి నడుమ పెట్టుడు. వచ్చే మాసము మరల కలిసికొందము.